ఇంటికి ఒక్కరే

మొన్న మా అమ్మాయి స్కూలు నుంచి ఫోనుకి ఒక జాబితా వచ్చింది. మార్కుల్ని బట్టి పిల్లల్ని ఏ, బీ, సీ సెక్షన్లలోకి మార్చారట. మా అమ్మాయి ఏలో ఉంది. సంతోషించాల్సింది పోయి బీ, సీల్లోకి వెళ్ళిన పేర్లే చదువుతూ కూర్చున్నాను. ఇలాంటి ఏరివేతలో ఒకసారి నేనూ నెగ్గాను మరి.

తొంభైల మొదట్లో, రావులపాలెం దగ్గర మా ఊరి బడిలో నేనూ చెల్లీ ఒకే తరగతి. నాకంటే ఏడాది చిన్నదైనా నా వెనకే వస్తానని గుక్కపట్టి ఏడిస్తే, పోరు పడలేక నాన్న దాన్నీ నాతోపాటే చేర్పించేశారు. ఇంట్లో గయ్యాళి, గడప దాటితే మూగనోము. కొత్తవాళ్ళతో ఏం చెప్పాలన్నా నా చెవిలో ఊదేది, నేను పైకి చెప్పేదాన్ని. అయిదో తరగతిలో గురుకులం ప్రవేశ పరీక్ష వచ్చింది. దానికి తర్ఫీదిచ్చే మాస్టారి అరుగు మీద పన్నెండు మందికే చోటు, అందుకని ఇంటికి ఒక్కరే అన్నారాయన. అరటితోట రైతు కదా, నాన్నకది న్యాయంగానే తోచింది. "దుబ్బుకి ఒక్క పిలకే ఉంచుతామండి. రెండుంచితే రెండు గెలలూ పీలైపోతాయి" అన్నారు, మా ఇద్దరి ఎదుటే. కోసేసిన పిలకలు తోటలో ఎలా పడుంటాయో మాకు తెలుసు.

ఎవరిని తీసుకోవాలో తేల్చడానికి మాస్టారు మా ఇద్దరికీ ఒకటే లెక్క ఇచ్చారు. ఒక కుళాయి నింపుతుంటే ఇంకోటి ఖాళీ చేసే నీళ్ళతొట్టి లెక్క. నేనింకా ఏ కుళాయి ఏదో పోల్చుకుంటుండగానే చెల్లి అలవాటు కొద్దీ నా చెవిలో ఊదింది. నేనూ అలవాటు కొద్దీ "ఆరు గంటలండి!" అని అరిచాను. మాస్టారు నా వీపు తట్టారు. చెల్లి నావంక చూసింది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఏడాదిపాటు అరుగు మీద రుద్దేసరికి నాలాంటిదానికీ సీటు వచ్చేసింది.

గురుకులంలో గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి. కాలవ గట్టు మీద బస్సు వెళ్తుంటే మా ఊరిదేమోనని కిటికీ ఊచలు పట్టుకు నిలబడేదాన్ని. ఉండలేనని ఇంటికి ఉత్తరం రాద్దామంటే, చెల్లి చోటు లాక్కున్నదాన్ని, ఏ మొహంతో రాయను?

ఒక ఆదివారం నాన్నతో చెల్లి నన్ను చూడ్డానికొచ్చింది. లైబ్రరీ బీరువా అద్దానికి ముక్కు ఆనించి పుస్తకాల పేర్లన్నీ చదివింది. నాకు ఏడుపు ఆగలేదు. "ఆ జవాబు నీదేనని ఇప్పుడే నాన్నకి చెప్పేస్తానే" అన్నాను.

అది అద్దం దగ్గర్నుంచి కదల్లేదు. "చెబితే నిన్ను ఇంటికి తీసుకెళ్ళిపోతారక్కా. నన్ను చేర్చుకోరు కదా."

చెల్లి పదో తరగతితో ఆగిపోయింది. ఇప్పుడు తోట అదే చూసుకుంటోంది. నాన్న ఇంటికొచ్చిన వాళ్ళకల్లా నా తొట్టి లెక్క గొప్ప చెబుతుంటారు. చెల్లి కాఫీ గ్లాసులు పెట్టి లోపలికి వెళ్ళిపోతుంది, నేను నవ్వుతూ కూర్చుంటాను. చెప్పడానికి ఇంకా టైముందిలే అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను కానీ, ఆ టైము ఆ బీరువా ముందే అయిపోయింది.