ఊఁ లేనిదే కదలని బండి

మా గార్డు చిన్నాన్న కథ చెప్పాలంటే ఎదుటివాళ్ళు ఊఁ కొట్టాలి. మాటకో ఊఁ. ఒక్కటి తప్పిందా, కథ మళ్ళీ మొదటికొస్తుంది. రాకుమారుడు సగం సముద్రం ఈదేసినా సరే, వెనక్కి ఒడ్డుకొచ్చి తల తుడుచుకుని మళ్ళీ దూకాల్సిందే.

ఆయన పేరు ఆదినారాయణ. శ్రీకాకుళం నుంచి వాళ్ళ తాత రైలు పనికని బిలాస్‌పూర్ వచ్చాడు. ఈయన ముప్ఫై ఆరేళ్ళు గూడ్సు గార్డు. మా నాన్న ఇంజను నడిపితే, ఈయన అదే బండి చివరి పెట్టెలో పచ్చజెండా పట్టుకుని కూచునేవాడు. "గార్డు జెండా ఊపందే డ్రైవరు బండి కదిపీస్తాడేటి? కథా అంతే," అంటాడు. యాభై ఎనిమిది బొగ్గు పెట్టెల వెనక, పలకరించే మనిషి లేకుండా అన్నేళ్ళు దాచుకున్న మాటలన్నీ రిటైరయ్యాక మామీద దింపాడు.

ఎక్కువగా దింపింది సౌభాగ్య పిన్ని మీదే. పాపం, వంకాయలు తరుగుతూ, ఫోన్లో చెల్లెలితో మాట్లాడుతూ కూడా ఆవిడ మొగుడికి ఊఁ కొట్టగలదు. ఒకరోజు గ్యాసువాడు తలుపు దగ్గర నిలబడి, "సిలిండర్ వాపస్ తీసుకుపోనా?" అంటే, అలవాటు కొద్దీ ఊఁ అనేసింది. రెండు రోజులు వాళ్ళిద్దరి భోజనం దయాల్‌బంద్‌లో మా ఇంట్లోనే.

బుధవారీ బజార్లో కూరలమ్మే అతన్నీ వదల్లేదు. అతనికి తెలుగు ముక్క రాదు. అయినా అరగంట సేపు తన భాషలో అవునవునని "హవ్, హవ్," అంటూ కథంతా విన్నాడు.

"చిన్నాన్నా, అది ఊఁ కాదు కదా?" అన్నాను.

"మీటర్ గేజైతేనేటి, బ్రాడ్ గేజైతేనేటి. బండి కదిలిందా లేదా?"

నేను ఆదివారాలు ఆంధ్రా సమాజంలో పిల్లలకి తెలుగు చెబుతాను. మా పిల్లలు తెలుగులో మొదలెట్టి హిందీలో దిగిపోతారు. కథలైతే వింటారని, చిన్నాన్నా నాకు నేర్పవా అని అడిగాను.

"ముందు ఊఁ నేర్చుకో, ఝాన్సీ."

"అందులో నేర్చుకునేదేముంది?"

"అచ్ఛా! ఏదీ, పులి వచ్చినప్పటి ఊఁ కొట్టు."

కొట్టాను.

"అది పాలవాడు వచ్చినప్పటి ఊఁ. మళ్ళీ కొట్టు."

ఆరు నెలలు నాచేత ఊఁ కొట్టించాడు. భయం ఊఁ, అనుమానం ఊఁ, "నువ్వు కోతలు కోస్తున్నావని నాకు తెలుసు, అయినా కానీ" అనే ఊఁ. "కథ చెప్పడం ఎవుడైనా చెప్పీస్తాడే. ఇనడమే ఇద్య," అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇంతలో కిందటి వేసవిలో మా అమ్మ అప్పయమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి కాస్త తేరుకుంది గానీ మాట పడిపోయింది. చేపలవాళ్ళతో బేరమాడితే నాలుగు దుకాణాల అవతలికి వినపడే మనిషి! డాక్టరు, "మాట రావచ్చు. కానీ ఆవిడ ప్రయత్నించాలి. ఎంత కాలం ఊరుకుంటే అంత కష్టం," అన్నాడు. అమ్మ ప్రయత్నించలేదు. మాట అభ్యాసాలు చేయించడానికొచ్చిన అమ్మాయిని చూసి గోడవైపు తిరిగిపోయింది. చూడ్డానికొచ్చిన వాళ్ళు, "ఎలాటి మనిషి ఎలాగైపోనాదే," అని మంచం పక్కనే ఏడ్చి, యాపిల్ పళ్ళు పెట్టి వెళ్ళిపోయేవారు. అమ్మ గొంతు ఇక వినననుకుని నేను వంటింట్లో ఏడ్చేదాన్ని.

గార్డు చిన్నాన్న ఏడవలేదు. మధ్యాహ్నం మూడింటికొచ్చి, స్టూలు లాక్కుని కూచుని, "వొదినా, అనగనగా ఒక మేకకి పెళ్ళి పిలుపొచ్చింది," అన్నాడు.

మేకంటే అమ్మకి ప్రాణం. ఒకప్పుడు క్వార్టర్ పెరట్లో ఒకదాన్ని పెంచింది. కోతకిమ్మని ఎవరడిగినా చీపురు తీసేది.

చిన్నాన్న ఎదురుచూశాడు. ఊఁ లేదు. గడియారం చూసుకుని, "సిగ్నలివ్వలేదు. రేపొస్తాను," అని లేచాడు.

మర్నాడు మూడింటికి, "అనగనగా ఒక మేకకి పెళ్ళి పిలుపొచ్చింది." ఊఁ లేదు. ఆ మర్నాడూ అంతే. తొమ్మిదో రోజుకి నాకు కోపం ఆగలేదు.

"చిన్నాన్నా, అమ్మకి మాట లేదని తెలీదా నీకు?"

"తెలుసు."

"మరెందుకు ఏడిపిస్తావు? కావాలంటే ఆ ఊఁ ఏదో నేను కొడతాను."

"నీది చెల్లదు. కథ వొదినది." తర్వాత గొంతు తగ్గించి అన్నాడు, "ఊఁ అంటే మాట కాదు కదే అమ్మీ. దానికి నోరు తెరవక్కర్లేదు."

టీ పెట్టిచ్చాను.

పన్నెండో రోజు చిన్నాన్న స్టూలు లాక్కుని, "అనగనగా ఒక మేకకి పెళ్ళి..." అన్నాడో లేదో, గోడవైపు నుంచి, "ఊఁ!" అని వినపడింది.

అది "ఏడిశావులే, కానీ" అనే ఊఁ. నేను గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. ఆయన మాత్రం ఆశ్చర్యపోలేదు, శభాష్ అనలేదు. "ఆ మేక మెళ్ళో గంట కట్టుకుంది," అన్నాడు.

"ఊఁ."

"కోటా సంతలో కొత్త పరికిణీ కొనుక్కుంది."

అమ్మ ఇటు తిరిగింది. "ఊఁ?"

ఆ మేక వానాకాలమంతా నడిచింది. గతౌరా దగ్గర పట్టాలు దాటింది, గేటు మనిషితో తగువు పడింది. ఈలోగా అమ్మ ఊఁలు పెరిగాయి. అభ్యాసాల అమ్మాయిని కూడా రానిచ్చింది. దసరా ముందు మేక పెళ్ళింటికి చేరింది. పెరట్లో పొయ్యి మీద పెద్ద డేగిసాలో నీళ్ళు మరుగుతున్నాయి. వంటవాడు కత్తి నూరుతున్నాడు. మేక, "కూర ఏటి?" అని అడిగింది.

చిన్నాన్న ఆగాడు. నెత్తి గోక్కున్నాడు. "తరవాతేటైందో గుర్తు లేదొదినా. వస్తాను."

స్టూలు మీంచి లేచాడు. అమ్మ ముఖం కందిపోయింది. ఎడం చేత్తో ఆయన చొక్కా పట్టుకుంది. పెదవులు వంకర్లు పోయాయి.

"మేక... పారి... పోనాది!"

"ఊఁ!" అన్నాడు చిన్నాన్న. వీధంతా వినపడిన ఊఁ అది. నేను ఏడ్చాను. ఆయనా ఏడ్చాడు గానీ, చొక్కా చిరిగిపోయిందని ఏడుస్తున్నట్టు నటించాడు.

తర్వాత సౌభాగ్య పిన్ని చెప్పింది. "అలాటి కథే లేదే. రోజూ పొద్దున్న నాకు ఇనిపించి, బాగుందంటేనే మీ ఇంటికొచ్చీవోడు. ఆ పన్నెండు రోజులైతే సరిగ్గా అన్నం తిన్లేదు. డేగిసా కాడ ఆపీయాలని ముందే అనుకున్నాడు."

ఇప్పుడు కథ చెప్పేది అమ్మ. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఔటర్ సిగ్నల్ దగ్గర ఆగిన గూడ్సంత ఆలస్యం. చిన్నాన్న ఎదురుగా కూచుని ఊఁ కొడతాడు. మా ఆదివారం పిల్లలూ వచ్చి చేరారు. వాళ్ళవన్నీ ఇంకా పాలవాడి ఊఁలే.

మొన్న భోజనం ఎక్కువై చిన్నాన్న కునుకు తీశాడు. ఒక ఊఁ తప్పింది. అమ్మ ఆగి, చేతికర్రతో ఆయన మోకాలు మీద కొట్టింది.

"మళ్ళీ... మొదట్నుంచి."

"ఓలమ్మో! మేక పెళ్ళింటి కాడికి వచ్చీసింది కదొదినా!"

"ఊఁ... నేదు," అంది అమ్మ. గొంతు సవరించుకుని, తీరిగ్గా మొదలెట్టింది. "అనగనగా... ఒక... మేకకి..."

"ఊఁ," అన్నాం అందరం.