సానరాయిలో పల్లం

రాయి పగిలినప్పుడు పెద్ద చప్పుడేమీ కాలేదు. సబ్బు నురగ అంటిన చేతిలోంచి జారి గచ్చు మీద పడింది, పండిన సీతాఫలంలా రెండుగా విడిపోయింది. మల్సూర్ వంగి ముక్కలు రెండూ తీసి ఒకదానికొకటి ఆనించాడు. అతుకు కనబడనంతగా కలిశాయి. వేళ్లు వదులు చేయగానే మళ్లీ రెండయ్యాయి.

సూర్యాపేట పాత బస్టాండు వెనక సందులో మల్సూర్ మంగలి దుకాణం. ఈ రోజుల్లో గడ్డాలన్నీ విరిచి పెట్టే సగం బ్లేడుతోనే. గీసి పారేయడమే తప్ప నూరే పని లేదు. తండ్రి నుంచి వచ్చిన కొమ్ముపిడి కత్తి మాత్రం పనిముట్ల పొదిలో, మెత్తటి గుడ్డలో పడుకుని ఉంటుంది. పుట్టువెంట్రుకలకే దాన్ని నిద్రలేపుతాడు. ఆ కత్తికి తోడు ఈ సానరాయి. వాన కురవబోయే ముందు ఆకాశం ఎలా ఉంటుందో ఆ రంగు. తండ్రి చేయీ, ఆ తర్వాత తన చేయీ ఏళ్ల తరబడి తిరిగి తిరిగి దాని నడుమ అరచేతిలా పల్లమైంది. దసరాకు పొది ముందు పెట్టి పసుపునీళ్లు చల్లితే, అవి పల్లంలో కాసేపు నిలిచేవి.

"ఏందయ్యా, గట్ల కూసున్నవ్?" చాయ్ తెచ్చిన భార్య లచ్చమ్మ ముక్కలు చూసి నాలుక కరుచుకుంది. "అయ్యో! వచ్చే ఐతారమే గదా పాప పుట్టెంటికలు?"

"నాకెరుక లేదానే?"

కూతురు శైలజను కోదాడలో ఇచ్చారు. వియ్యంకుడు నాగేందర్‌దీ కులవృత్తే, కాకపోతే అద్దాల తలుపుల సెలూన్. పాప పేరు పెట్టిన రోజున ఆయన, "పుట్టెంట్రుకలు మన సెలూన్‌లోనే తీసేద్దాం బావగారూ, కొత్త బ్లేడు పెట్టి" అన్నాడు. మల్సూర్ చుట్టాలందరి ముందూ మీసం సవరించుకుని, "నా బిడ్డ తల మీద పడ్డ కత్తే నా మనుమరాలి తల మీద పడాలె" అన్నాడు. అప్పుడు ఆ మాట నోటికి తియ్యగా ఉంది. ఇప్పుడు గొంతులో చేపముల్లయింది.

భయం ఆ మాట గురించే అయితే బాగుండేది. వానాకాలం చెమ్మకు కత్తి అంచున సన్నటి తుప్పు చుక్కలు లేచాయి. పాప మాడు ఇంకా పూడలేదు, ఊపిరి తీసినప్పుడల్లా అక్కడ చర్మం మెల్లగా ఎగసిపడుతూ ఉంటుంది. మొద్దు కత్తి జారదు, పట్టుకుంటుంది. పట్టుకున్న చోట చెయ్యి బలం పెడుతుంది. బలం పెట్టిన చోట తెగుతుంది. కళ్లు మూసుకుంటే చాలు, నున్నటి చిన్న తల మీద ఎర్రటి దారప్పోగు ఒకటి మెల్లగా పొడుగవుతూ కనిపించేది.

పేటలో ఇనుప సామాన్ల దుకాణాలన్నీ తిరిగాడు. అన్నిట్లో కొడవళ్లు నూరే రాళ్లే. చివరికి కోదాడలో ఉన్న శైలజకు చెబితే, ఆమె ఫోన్‌లో వెతికి మాట్లాడింది.

"నాయినా, వీటికి నంబర్లున్నయి. వెయ్యి, మూడువేలు, ఎనిమిదివేలు. నంబరు పెరిగిన కొద్ది రాయి నున్నగ ఉంటదట. ఏది తెప్పియ్యాలె?"

మల్సూర్ ఆలోచించలేదు. "పసితలకు బిడ్డా. అన్నిట్ల నున్నదే తెప్పియ్యి."

రాయి వచ్చింది. తెల్లగా, పలకలా కోసిన గడ్డపెరుగులా ఉంది. నీళ్లు చల్లి పొద్దంతా నూరాడు. కత్తి అద్దమైంది, వంగి చూస్తే తన కన్ను తనకే కనబడింది. లచ్చమ్మ దువ్వెనలో మిగిలిన తెల్లవెంట్రుక ఒకటి వేలికి వేలాడదీసి అంచుకు తాకించాడు. వెంట్రుక తెగలేదు. ఒయ్యారంగా వంగి, తప్పుకుని, అవతలి పక్కన మళ్లీ నిటారుగా వేలాడింది.

"మెరుస్తుందిగని కోస్తలేదే" అన్నాడు.

"కొందరు మనుషులు గుడ గంతే" అన్నది లచ్చమ్మ.

నవ్వడానికి మల్సూర్‌కు మనసు రాలేదు. మర్నాడు కత్తిని గుడ్డలో చుట్టి మిర్యాలగూడ బస్సెక్కాడు.

కొడుకు నరేందర్ అక్కడ రైసుమిల్లులో ఫిట్టర్. కత్తెర పట్టనని ఇల్లు వదిలి వెళ్లినవాడు ఇప్పుడు బియ్యం తెల్లగా చేసే యంత్రాల్లో గరుకైన ఎమరీ రాళ్లను సరిచేస్తాడు. కనుబొమల మీద తవుడుతో మిల్లు గేటు దగ్గరికొచ్చాడు.

"ఫోన్ చెయ్యకుంట వచ్చినవేంది నాయినా? అమ్మ మంచిగున్నదా?"

"అమ్మకేమైతది? కత్తికైంది."

నరేందర్ కత్తిని వెలుగులో ఇటూ అటూ తిప్పాడు. అంచు వెంట గోరు ఆనించి నడిపాడు. "గీ నున్నరాయి కంటె ముందు ఏం పెట్టినవ్?"

"ఏం పెట్టలె. పసితల గదా అని..."

"గదే తప్పు. మా మిల్లుల సూడు, ముందుగాల గరుకు రాయి. అది తవుడు గీకుతది. మెరుగు పెట్టుడు ఎనక సంగతి. గరుకు పెట్టకుంట మెరుగు పెడితే ముడిబియ్యమే మెరుస్తది. నువ్వు తుప్పుకు మెరుగు పెట్టినవ్."

"మరి వెయ్యి నంబర్ది పెడితే కత్తి ఖరాబు కాదారా? మీ తాత కత్తి."

"తాత ఉంటె నిన్ను తిడుతుండె. వెయ్యితోని అంచు పుట్టియ్యి, మూడువేలతోని దాని గీతలు చెరుపు. గప్పుడు ఎనిమిదివేలు. మెట్టు దుంకకు."

మిల్లులకు సామాన్లు అమ్మే దుకాణంలో రెండు ముఖాల రాయి దొరికింది, ఒక పక్క వెయ్యి, మరో పక్క మూడువేలు. దాన్ని ఒళ్లో పెట్టుకుని మల్సూర్ తిరుగు బస్సులో కూర్చున్నాడు. కిటికీ బయట వరిపొలాల మీద గాలి నడుస్తోంది. ఆ పచ్చటి అలల్లో కూడా అతనికి ఎవరో గొరిగి వదిలేసిన చారలే కనబడ్డాయి.

ఇంటికొచ్చి నూరాడు. మొదటి ముఖం మీద కత్తి గరగరమని సణిగింది. రెండో ముఖం మీద గుసగుసలాడింది. తెల్లరాయి మీదికి వచ్చేసరికి మాట మానేసింది. తోలు పట్టా మీద నాలుగుసార్లు తిప్పి వెంట్రుక తాకించాడు. తాకీ తాకకముందే తెగిపడింది.

"తెగిందే!" అని అరిచాడు. ఆ సంతోషంలో తాకించింది అంచు నడుమ ఒక్కచోటే అన్నది తట్టలేదు.

ఆదివారం పొద్దున కోదాడలో, నాగేందర్ ఇంటి వాకిట్లో పీట వేశారు. శైలజ పాపను ఒళ్లో పెట్టుకుని తూర్పు ముఖంగా కూర్చుంది. మేనమామ నరేందర్ కత్తెరతో మొదటి పాయ తీశాడు. మల్సూర్ గోరువెచ్చటి నీళ్లతో, నూనెతో జుట్టును నానబెట్టి కత్తి విప్పాడు. చర్మం మీద పెట్టే ముందు అంచు పొడుగునా వెంట్రుకతో చూడటం తండ్రి నేర్పిన అలవాటు. తన తలలోంచే ఒకటి పీకి చూశాడు.

నడుమ తెగింది. పిడి దగ్గర తెగలేదు. మొన దగ్గర తెగలేదు.

చెవుల వెనక పనంతా మొనదే. అక్కడి చర్మం ఉల్లిపొర.

"ఏమైంది బావగారూ?" నాగేందర్ దగ్గరికొచ్చాడు. "పంతానికి పోకండి. గాటు పడుద్ది పిల్లకి. బ్లేడు లోపలే ఉంది, తెమ్మంటారా?"

శైలజ పాప తలకు అరచెయ్యి అడ్డం పెట్టుకుంది, అంతే. ఆ చెయ్యి చూశాక మల్సూర్‌కు పంతమంతా కారిపోయింది.

"జర ఆగు బావా. ఒక్కసారి సూస్త. తెగకుంటే నువ్వే తియ్యి, నీ బ్లేడుతోనే."

పొది బోర్లించాడు. కొత్త రాళ్లతో పాటు, పారేయడానికి చేతులు రాక గుడ్డలో చుట్టి పెట్టుకున్న పాతరాయి ముక్క కూడా దొర్లింది. ఎందుకో కత్తిని దాని మీద పెట్టాడు. తల్లి ఒళ్లో బిడ్డ ఒదిగినట్టు ఒదిగింది, పిడి నుంచి మొన దాకా పోగంత సందు లేదు. కాకపోతే తోసి నూరడానికి ఆ ముక్క నిడివి చాలదు. అదే కత్తిని తెల్లరాయి మీద పెట్టాడు. నడుమ మాత్రం ఆనింది. రెండు కొసల కింద నుంచీ పొద్దుటి ఎండ సన్నగా తొంగిచూసింది.

మల్సూర్ ఆ రెండు వెలుగు గీతల్ని చూస్తూ ఉండిపోయాడు. పల్లంలో నూరీ నూరీ కత్తి అంచు కూడా పల్లానికి తగ్గట్టు నెలవంకలా వంగిందన్న మాట. రాయి సమంగా ఉంటే నడుమ ఒక్కటే దానికి అందుతుంది. ఇన్నేళ్లూ తాను చెయ్యి తిన్నగా తోశాడు, కొసల సంగతి పల్లమే చూసుకుంది. ఇప్పుడు పల్లం లేదు. అది చేసిన పని మణికట్టు చెయ్యాలి.

"నరేందర్, నీళ్లు పొయ్యిరా."

వెయ్యి మీద పెట్టాడు. పిడి దగ్గర ఆనించి, తోస్తూ తోస్తూ మణికట్టును ఉయ్యాలలా వంచి మొన దాకా తెచ్చాడు. తిరుగు దెబ్బ కూడా అలాగే. చుట్టాలు గుసగుసలాడారు. ఎవరో టైం అడిగారు. మూడువేలు. పాప విసిగి కాళ్లు తన్నింది. ఎనిమిదివేలు. మెట్టు దూకలేదు.

మూడు వెంట్రుకలు పీకాడు. పిడి దగ్గర ఒకటి, నడుమ ఒకటి, మొన దగ్గర ఒకటి. మూడూ పడ్డాయి.

"చెయ్యి తియ్యి బిడ్డా" అన్నాడు. శైలజ తండ్రి ముఖంలోకి చూసి, అరచెయ్యి తీసింది.

ఎడమ బొటనవేలు మాడు పక్కన ఆనించాడు. లోపల ఏదో చిన్న పిట్ట రెక్కలు కొట్టుకుంటున్నట్టుంది. ఆ కొట్టుకోవడం చుట్టూ గట్టు మీద నడిచినట్టు కత్తి నడిచింది. మేనత్త పట్టిన పళ్లెంలోకి తడి వెంట్రుకలు జారాయి. ఎడమ చెవి వెనక మొన పెట్టబోతుండగా పాప తల విదిల్చింది. మల్సూర్ కత్తి గాల్లోకి లేపి ఆగాడు. నరేందర్ తాళాలగుత్తి ఆడించాడు. పాప అటు తిరిగింది. మొన వెళ్లింది, వచ్చింది.

ఇక గంధం మిగిలింది. కంటికి దొరకని గాటు గంధానికి దొరుకుతుంది. చురుక్కుమంటుంది, పిల్ల ఏడుస్తుంది. శైలజ వేళ్లతో నుదుటి నుంచి రాసుకుంటూ పోతోంది.

"చెవెనక గుడ పెట్టు బిడ్డా" అన్నాడు మల్సూర్.

పెట్టింది. పాప కళ్లు పెద్దవి చేసింది, ముక్కు ముడిచింది. తుమ్మింది. తల్లి వేలు లాక్కుని గంధం నాకబోయింది.

వాకిలి ఒక్కసారిగా నవ్వింది. లచ్చమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. మల్సూర్ మాత్రం ఇంకా పాప చెవి వెనకే చూస్తున్నాడు.

నాగేందర్ కింద కూర్చుని పాతరాయి ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. పల్లంలో బొటనవేలు అటూ ఇటూ నడిపాడు. ఎంత నున్నగా ఉందో! "ఇక దీంతో పనేముంది బావగారూ? మీకు చెయ్యే వచ్చేసింది కదా."

"ఇయ్యాల వచ్చింది బావా. రేపు మరిసిపోతే దీన్ని అడగొద్దా?" అని మల్సూర్ చెయ్యి చాచి దాన్ని తీసుకున్నాడు. తడి తుడిచి, కత్తితో పాటు అదే గుడ్డలో చుట్టి పొదిలో పెట్టాడు.