బుట్టలో తెల్ల పుట్టగొడుగు

ఏప్రిల్ సెలవుల్లో మా ఆయనకు ఆఫీసులో లీవు దొరకలేదు. అందుకని పాపను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, సిడ్నీలోని మా కెల్లీవిల్ నుంచి నేనొక్కదాన్నే కారులో బయల్దేరాను. కూమా ఊరు దాటేవరకు భయపడాల్సిందేమీ లేదు. చెట్టనేది లేని పచ్చిక బయళ్లు, గొర్రెలు, గాలి. ఆ బయలు చివర భూమి ఒక్కసారిగా తెగిపోయినట్టుంటుంది. అక్కణ్ణుంచి రోడ్డు సముద్రం వైపు కొండ దిగుతుంది. సరిగ్గా అక్కడే పొగమంచు కమ్మేసింది. ముందు పోతున్న పాల ట్యాంకరు ఎర్ర లైట్లు తప్ప ఏమీ కనపడలేదు. ఒకపక్క బండ, ఇంకోపక్క లోతు తెలియని తెలుపు. నేను అనంతపురం జిల్లా దాన్ని. మా వైపు మంచు ఎప్పుడైనా పొద్దునపూట చేల మీద కాసేపు నిలిచి, ఎండ తగలగానే పోతుంది. ఈ ట్యాంకరువాడు దారి తప్పి లోయలోకి పోతే నేనూ వాడి వెనకాలే పోతానని తెలుస్తూనే, వాడి లైట్లు పట్టుకుని దిగాను.

కింద మా స్నేహితురాలి ఇల్లుంది. చదువుకునే రోజుల్లో ఇద్దరం బ్లాక్‌టౌన్‌లో ఒకే గదిలో ఉన్నాం. తనది కదిరి. నర్సింగ్ చదివి, ఉద్యోగం దొరికిందని ఈ పల్లెల వైపు వచ్చి, ఇక్కడే నిలిచిపోయింది. చీజ్ తయారుచేసే చోట పనిచేసే ఒకాయనను పెళ్లి చేసుకుంది. ఆయనది ఉత్తర స్పెయిన్‌లో, కొండలూ సముద్రమూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే ఒక పల్లె. ఈ చోటు అచ్చం తన ఊరిలాగే ఉందని ఇక్కడ పొలం కొన్నాడు. ఆపిల్ చెట్లు పెంచి, వాటి రసం పులియబెట్టి సైడర్ చేస్తాడు. సీసాను తలకంటే ఎత్తుగా పట్టుకుని, నడుం దగ్గరున్న గ్లాసులోకి సన్నటి ధారగా పోస్తాడు. అట్లా పోస్తేనే రుచట.

"ఏమే, మొగం అట్లా పాలిపోయింది?" అంది స్నేహితురాలు గేటు దగ్గరే.

"మీ కొండ దిగొచ్చినా కదా మే. పానం యాడో పైనే ఉండిపోయింది."

"రెండుసార్లు దిగితే అలవాటవుతాది, రా."

ఆ రాత్రి ఆయన పెద్ద తెల్ల చిక్కుడు గింజలు మట్టికుండలో ఉడికించి పెట్టాడు. వాళ్ల ఊళ్లో ఆ పులుసులో పంది మాంసం వేస్తారట. నాకోసమని వేయలేదు. పక్కన స్నేహితురాలు చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. "తిను అక్కా, తిను," అన్నాడాయన. ఆయనకు వచ్చిన తెలుగు దాదాపు అంతే.

మర్నాడు సముద్రానికి వెళ్లాం. పచ్చటి గుట్టల మీద ఆవులు మేస్తుంటే వాటి కాళ్ల కింద నుంచే నల్ల బండలు నీళ్లలోకి దిగిపోతున్నాయి. పోటు తగ్గినప్పుడు ఆ బండల మీద ఆల్చిప్పలు ఏరడానికి ఆయన దిగాడు. పాప ఆయన వెనకే దిగింది. నేను గుట్ట మీదే నిలబడి దాని ఎర్ర జాకెట్టు మీద నుంచి చూపు తిప్పలేదు. "వీపు సముద్రానికి ఎప్పుడూ పెట్టొద్దు," అని ఆయన పాపకు ఇంగ్లీషులో చెప్పడం గాలిలో వినిపించింది. ఆ మాట విని ఈయన జాగ్రత్త తెలిసిన మనిషి అనుకుని కొంచెం కుదుటపడ్డాను. తెచ్చిన ఆల్చిప్పలు ఏ భయమూ లేకుండా తిన్నాం.

మూడోరోజు, వెనక తెరిచిన తొట్టి ఉండే ఆయన యూట్ బండిలో మళ్లీ కొండ ఎక్కాం, పైన్ తోపుల్లోకి. వాన పడి నాలుగు రోజులైందని, పుట్టగొడుగులకు ఇదే అదనని ఆయన హుషారుగా ఉన్నాడు. పైన్ చెట్ల కింద, రాలిన సూదుల్ని తోస్తే నారింజ రంగు గొడుగులు. కోస్తే కాషాయ రంగు పాలు కారతాయి, పాలు ఊరిన చోట మెల్లగా ఆకుపచ్చగా మారుతుంది. వాటిని చిన్నప్పుడు అవ్వతో కలిసి ఏరేవాణ్ణని చెప్పాడు. ప్రతి ఒక్కటీ తిప్పి, వాసన చూసి, కాడ కోసి బుట్టలో వేశాడు. పాపకు కూడా ఒక చిన్న చాకు ఇచ్చాడు.

తోపు పక్కన పిక్నిక్ బల్లలున్న చోట పాత ఓక్ చెట్టు ఒకటుంది. మేం అక్కడ టీ తాగాం. పాప ఆ చెట్టు చుట్టూ తిరిగింది. అంతకంటే ఏమీ జరిగినట్టు నాకు అనిపించలేదు.

ఇంటికొచ్చాక ఆయన వంటబల్ల మీద బుట్ట పెట్టి పుట్టగొడుగులు శుభ్రం చేయడం మొదలుపెట్టాడు. ఇంతలో పక్క పొలం పెద్దావిడ ఫోన్ చేసింది. ఆవు కంచె దాటి రోడ్డు మీదికొచ్చిందట. ఆయన చెయ్యి తుడుచుకుని పరిగెత్తాడు. మిగతావి స్నేహితురాలు తరిగింది. నలుగురికి చాలవేమోనని ఫ్రిజ్‌లో ఉన్న షాపు పుట్టగొడుగులు, ఆ తెల్లవి, అవి కూడా కోసి కలిపింది. వెల్లుల్లి, ఆలివ్ నూనె, గుడ్లు. మధ్యాహ్నం ఆయన తిరిగొచ్చాక కిటికీ పక్కన కూర్చుని నలుగురం రొట్టెతో తిన్నాం. ఇంత రుచి అయినది నేనెప్పుడూ తినలేదని అన్నాను.

పళ్లేలు తీసేటప్పుడు పాప ఆయన్ను అడిగింది.

"అంకుల్, డిడ్ యూ కుక్ మై వైట్ వన్?"

"విచ్ వైట్ వన్?" అన్నాడాయన.

"అండర్ ద ట్రీ. ద బిగ్ ట్రీ. ఐ పుట్ ఇట్ ఇన్ యువర్ బాస్కెట్, ఫర్ సర్‌ప్రైజ్."

ఆయన చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టాడు. చాలా మెల్లగా పెట్టాడు. ఆ మెల్లదనానికే నాకు మొదట భయం వేసింది.

"నేను చూడలేదు," అన్నాడు భార్యతో ఇంగ్లీషులో. "నువ్వు చూశావా?"

స్నేహితురాలు తరిగిన పీట వైపు చూసింది. "తెల్లవి కోసినా. షాపువే అనుకున్యా. అన్నీ కలిసిపోయినాయి."

"ఒకటేనా తల్లీ?" అని పాపను అడిగాను.

"ఐ థింక్ వన్."

ఆ 'ఐ థింక్' అనే రెండు మాటలు నా కడుపులో ఇప్పటికీ ఉన్నాయి. ఓక్ చెట్టు కింద మొలిచే తెల్ల పుట్టగొడుగు గురించి ఈ దేశంలో ప్రతి ఏడాదీ వాన తర్వాత రేడియోలో చెప్తారు. ఉడికించినా దాని విషం పోదు. నేను విన్నాను. స్టవ్ కట్టేస్తూ విన్నాను, నాకు సంబంధం లేని మాటగా విన్నాను.

స్నేహితురాలు ఫోన్ తీసుకుని విషాల హెల్ప్‌లైన్‌కు చేసింది. నర్సు గొంతుతో మాట్లాడింది, వయసులు, బరువులు, ఎప్పుడు తిన్నామన్నది. పాప బరువు ఎంతని నన్ను అడిగితే గుర్తు రాక, అంచనాగా ఏదో చెప్పాను. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

"నలుగురం పోవాల. ఇప్పుడే."

"కడుపులో ఏ నొప్పీ లేదే. బాగానే ఉండాం కదా?"

"అదే మే దాంతో కష్టం. ఒక పూట బాగానే ఉంటాది. తెలిసేలోపల లివర్..." అని ఆగి, పాప వైపు చూసి, "గమ్మునుండు. చెప్పులేసుకో," అంది.

బయల్దేరే ముందు ఆయన చెత్తబుట్టకోసం పెరట్లోకి పరిగెత్తాడు. మిగిలిన తొక్కలూ కాడలూ ఉంటే డాక్టర్లకు చూపించొచ్చు. కానీ వంట కాగానే స్నేహితురాలు వాటిని కోళ్లకు వేసేసింది. కోళ్లు దాదాపు అన్నీ తినేశాయి. మిగిలిన నాలుగు కాడ ముక్కల్ని డబ్బాలో వేసుకుని కారెక్కాడు. కోళ్లు ఇంకా గీరుకుంటూనే ఉన్నాయి. వాటిని చూసి, అవి బతికి ఉంటే మేమూ బతుకుతామా అని పిచ్చిగా లెక్క వేసుకున్నాను.

దారి పొడుగునా పాప కిటికీకి ఆనుకుని కూర్చుంది. నేను దాని చెయ్యి పట్టుకుని, వేలి గోళ్ల రంగు చూస్తూ, కళ్ల తెల్లగుడ్లు చూస్తూ కూర్చున్నాను. పచ్చబడుతున్నాయా? పచ్చటి గుట్టల వెలుగు పడుతోందా? తెలియలేదు.

ఆసుపత్రిలో స్నేహితురాలు పనిచేసే వార్డే. తనతో కలిసి డ్యూటీ చేసేవాళ్లే తన చేతికి సూది గుచ్చుతుంటే తను తల పక్కకు తిప్పుకుంది. విషాన్ని పీల్చుకుంటుందని నలుగురికీ నల్లటి బొగ్గు నీళ్లు తాగించారు. పాప పెదాలు, పళ్లు నల్లగా అయ్యాయి. మామూలుగా అయితే నవ్వేది. సెలైన్ పెట్టారు, రక్తం తీశారు. పొద్దున దాకా మళ్లీ మళ్లీ తీస్తామన్నారు. యువ డాక్టరు నిజాయితీగా చెప్పింది: "ఇప్పటికి నార్మల్‌గానే ఉంది. కానీ ఇప్పటి నార్మల్‌కు అర్థం లేదు."

మా ఆయనకు ఫోన్ చేశాను. "వస్తున్నా," అన్నాడు, అంతే. పెట్టేశాక గుర్తొచ్చింది, ఆ కొండ రోడ్డు మీద మంచులోంచి రావాలని. వద్దు, పొద్దున రా అని చెప్దామంటే ఫోన్ ఎత్తలేదు. ఇక భయానికి రెండు కొసలయ్యాయి.

పక్క మంచం మీంచి పాప నన్ను పిలిచింది.

"అమ్మా. డిడ్ ఐ కిల్ అస్?"

నేను సెలైన్ స్టాండును లాక్కుంటూ వెళ్లి దాని మంచం మీద కూర్చున్నాను. లేదని చెప్పాలి. చెప్పాను. నా గొంతు నాకే నమ్మకంగా లేదు. పిల్లలకు అది తెలుస్తుంది. అది గోడ వైపు తిరిగి పడుకుంది.

తెర అవతల ఆయన వాళ్ల భాషలో ఏదో గొణుక్కుంటున్నాడు. ప్రార్థనేమో అనుకున్నాను. కాదు, తను బుట్టలో వేసిన ప్రతి పుట్టగొడుగునూ, ఏ చెట్టు కింద కోసిందీ, ఎలా ఉందీ గుర్తు చేసుకుంటున్నాడని స్నేహితురాలు తర్వాత చెప్పింది. బుట్టలో తెల్లది ఎప్పుడు కనపడిందో గుర్తు రావాలని.

తెల్లవారేసరికి ఎవరికీ వాంతి కాలేదు. స్నేహితుడొకడు తన కారులో తెచ్చి దింపితే మా ఆయన వచ్చాడు, కళ్లు ఎర్రగా. నా దగ్గరికి కాకుండా ముందు పాప దగ్గరికి పోయి, దాని తల మీద చెయ్యి పెట్టి అట్లే నిలబడిపోయాడు.

ఆ పొద్దున్నే పక్క పొలం పెద్దావిడ ఫోన్ చేసింది. కోళ్లకు మేత వెయ్యమని స్నేహితురాలు ఆమెకు రాత్రే చెప్పి ఉంచింది. ఆమె కోళ్లను వదిలి, ఎందుకో ఆయన యూట్ వెనక తొట్టిలో చూసిందట. బుట్ట పెట్టిన చోట, టార్పాలిన్ మడతలో ఒక తెల్ల పుట్టగొడుగు. కొండ దిగేటప్పుడు బుట్ట పక్కకు ఒరిగి జారిపోయినట్టుంది. ఫోటో తీసి పంపింది. లేతాకుపచ్చ కలిసిన తెలుపు, కాడ మొదట్లో చిన్న గిన్నెలాంటిది. యువ డాక్టరు ఆ ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూసింది.

"ఇదే అది," అంది. "మీరు తినలేదు."

స్నేహితురాలు ఫోను చేతిలోనే పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. నేను ఏడవలేదు. నాకు అప్పుడు కూడా ఆ 'ఐ థింక్ వన్' వినిపిస్తూనే ఉంది. అందుకే ఇంకో రక్తపరీక్ష అయ్యేదాకా ఎవరూ కదలొద్దని పట్టుబట్టాను. డాక్టరు కాదనలేదు. అదీ నార్మల్ వచ్చాకే సూదులు తీయించుకున్నాను.

ఇల్లు చేరగానే స్నేహితురాలి భర్త బుట్టను పొయ్యిలో పెట్టాడు. వాళ్లవ్వ దగ్గర నేర్చుకున్న అల్లికతో తనే అల్లిన బుట్ట. స్నేహితురాలు వద్దనలేదు. వెళ్లొస్తామని చెప్పినప్పుడు ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, "అక్కా," అని, ఆపైన తెలుగులో మాట రాక నిలబడ్డాడు. నేను చేతులు విడిపించుకుని కారెక్కాను. కోపం లేదు. కానీ భయం వేసిన మనిషి నోట్లోంచి మంచి మాట అంత తొందరగా రాదు. నెల తర్వాత ఫోన్ చేసి, జూన్ జూలై చలి పోయాక మీరే సిడ్నీకి రండి అన్నాను. స్నేహితురాలు అవతల చాలాసేపు ఏడ్చింది.

తిరుగు ప్రయాణంలో కొండ మీద ఎండ కాస్తోంది. మా ఆయన నడిపాడు. లోయ అంతా కనపడింది, చివర సముద్రం నీలంగా. ఎంత అందంగా ఉందో చూడమన్నాడు. చూశాను.

ఇప్పుడు మా పాప ఏదైనా తినే ముందు పళ్లెం వైపు ఒకసారి చూస్తుంది. అన్నమైనా, పప్పైనా, ఇంట్లో చేసిందైనా సరే. "నువ్వు ముందు తిను అమ్మా," అంటుంది మామూలుగా, ఏదో మర్యాదకు అన్నట్టు. నేను ఒక ముద్ద తింటాను. అది నా మొగం చూస్తూ ఉంటుంది. నేను నములుతూ, మింగుతూ, నవ్వుతూ ఉంటాను. అది ఇంకాసేపు ఆగి, అప్పుడు చెయ్యి పెడుతుంది.