మేత లేని బొమ్మ

అది కరువు ఏడు. ఉరవకొండ బస్సులో నా ఒళ్లో ఫ్రేము కట్టించిన ఎద్దు బొమ్మ ఉంది. పక్కన కూర్చున్న ముసలి రైతు చేతిలో ఉత్త పలుపు ఉంది. సంతలో ఎద్దును అమ్మి వస్తున్నాడు. ఎద్దును అమ్మినా పలుపు ఇవ్వరు, అది ఇంటికి తిరిగి రావాలి. మా వైపు ఆనవాయితీ అది.

ఆయన బొమ్మనే చూస్తుంటే ఉత్సాహంగా చెప్పాను. గీసింది చైనా చిత్రకారుడు. సిరా, కుంచె వాళ్ళవి. డొక్కల మీద ఆ వెలుగునీడలు మాత్రం పడమటి దేశాల్లో నేర్చుకున్నవి.

"దీని ముందర మేత లేదేమప్పా?" అన్నాడు.

"చైనా పద్ధతి అది. చుట్టూ ఖాళీగా వదిలేస్తారు."

ఆయన అద్దం మీద, సరిగ్గా ఎద్దు మూతి దగ్గర, వేళ్ళతో నిమిరాడు.

"మాదీ ఇట్లే నా దిక్కే సూస్తా నిలబడింది. కొనేటోడు కటికోడని తెలిసే ఇచ్చినా. ఏం చేసేది? ఇంట్లో ఉంటే ఆకలికి సస్తాది."

ఊరు రాగానే పలుపు భుజాన వేసుకుని దిగిపోయాడు.

ఆ బొమ్మ ఇప్పటికీ మా గోడ మీదే ఉంది. వచ్చినవాళ్ళకు కుంచె గురించి, నీడల గురించి చెబుతుంటాను. ఆ ఖాళీ ఏమిటని ఎవరైనా అడిగితే మాత్రం, చైనా పద్ధతి అనడానికి నోరు రాదు. మేత లేదంటాను.