అద్దాలు లేని లారీ

నిన్న ఏలూరులో కంప్యూటర్లు అమ్మే మిత్రుడు ఫోన్ చేశాడు. "గురువుగారూ, తక్కువ ధరలో ఆటలకి పనికొచ్చే గ్రాఫిక్స్ కార్డు ఏదండీ? మీరు చెబితే జనం నమ్ముతారు," అన్నాడు. తెలియదని చెప్పి పెట్టేశాను. అబద్ధం. కంప్యూటరు తెర మీద బొమ్మ గీసే ఆ కార్డులన్నీ నా నోటుబుక్కులో ఉన్నాయి: ధర, సెకనుకి తెర మీద ఎన్ని బొమ్మలు మారతాయి, అంటే ఎన్ని ఫ్రేములు, ఒక్కో ఫ్రేము ఎంతకి పడుతుంది. ఎవరూ నేర్పలేదు, నేనే నేర్చుకున్నాను. వంకాయలు బేరమాడుతున్నా, "కిలోకి ఎన్ని ఫ్రేములండీ?" అని మా ఆవిడ ఎగతాళి చేసేది. ఆ పుస్తకం తెరిచి చాలాకాలమైంది.

మా తమ్ముడు కొల్లేటి చెరువుల నుంచి హౌరాకి చేపల లారీ తోలేవాడు, పంతొమ్మిదేళ్ళు. వాడికన్నా ముందు నీచు, డీజిలు కలిసిన వాసన ఇంట్లోకి వచ్చేది. సుగరు ముదిరి కుడికాలు మోకాలి కింద తీసేశాక, వట్లూరులో వాళ్ళింట్లో గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. లారీ తోలే కంప్యూటర్ ఆట ఉందని నేనే చెప్పాను. బల్లకి బిగించే స్టీరింగు వాడు కొనుక్కున్నాడు. కాలితో తొక్కాల్సినవి చేతి మీటలకి మార్చుకున్నాడు. కార్డు ఎంచే పని నాది. వారంపాటు లెక్కలు వేసి నాలుగు జీబీ మెమరీది తెచ్చాను. ఎనిమిది జీబీ దాని ధర ఒకటిన్నర రెట్లు, ఫ్రేములు మాత్రం ఐదో వంతే ఎక్కువ. దండగ అనుకున్నాను.

మొదటిరోజు వాడి మొహం చూడాలి. మరదలు కాఫీ తెస్తే, "ఉండవే, ఘాటు రోడ్డు దిగుతున్నా!" అని కసిరాడు. ఆవిడ కాఫీ పట్టుకుని అలాగే నవ్వుతూ నిలబడింది.

వారం తిరక్కుండానే మలుపుల్లో బొమ్మ ఆగి ఆగి కదులుతోందన్నాడు. సరాసరి యాభై ఫ్రేములు వస్తున్నాయని పుస్తకం చూపించాను. "మలుపు తిరగాల్సింది సరాసరి కాదన్నయ్యా, బండి," అన్నాడు. నేను వెతికి వెతికి కారణం పట్టుకున్నాను. లారీ పక్క అద్దాల్లో కనిపించే రోడ్డంతా కార్డు మళ్ళీ గీయాలి, భారమంతా అక్కడే. ఆటలో ఆ అద్దాలు తీసేశాను. ఫ్రేములు అరవై దాటాయి. గర్వంగా అంకె చూపించాను.

వాడు అలవాటుగా కుడివైపు చూసి, ఎడమవైపు చూసి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "అద్దాల్లేకుండా బండెలా తోల్తానన్నయ్యా? వెనకాల ఎవడొస్తున్నాడో తెలియొద్దూ?"

"ఆటేగదరా. ఎవరు చస్తారిక్కడ?" అన్నాను.

"పెద్ద కార్డే వేసేద్దాం," అన్నాడు మెల్లగా. ఆరు నెలలాగితే మూడో వంతు ధర తగ్గుతుందని చెప్పాను. ఆగాడు. అన్నయ్య లెక్క తప్పదని వాడికి నమ్మకం.

తప్పలేదు. ధర నేను చెప్పినంతా తగ్గింది. కార్డు తీసుకుని వెళ్ళేసరికి బల్ల మీద స్టీరింగు లేదు, వీధి చివర వాళ్ళకి ఇచ్చేశాడట. "ఇప్పుడెందుకులే అన్నయ్యా. చేతులు మర్చిపోయాయి," అన్నాడు, గోడ మీంచి చూపు తిప్పకుండా. ఇప్పటికీ అలాగే కూర్చుంటాడు. సీలు విప్పని కార్డు నా బీరువాలో ఉంది.

ఆగితే ధర తగ్గుతుందని నాకు బాగా తెలుసు. ఆగే మనిషిలోనూ రోజుకింత తగ్గిపోతూ ఉంటుందని మాత్రం, ఆ ఆరు నెలలూ గడిచాకే తెలిసింది.