ఇసుకలో సరుగుడు పుల్ల

నా చిన్నప్పుడు కళింగపట్నంలో మా సంఘానికి బాప్తిస్మం తొట్టి లేదు, సముద్రమే ఉండేది. ఎవరికి బాప్తిస్మం ఇవ్వాలన్నా ఆదివారం పొద్దున్నే అందరం పాటలు పాడుకుంటూ ఒడ్డుకు నడిచేవాళ్లం. అయితే మా తాతయ్య వల లాగనిదే ఎవరూ నీళ్లలో కాలు పెట్టేవారు కాదు.

మా తాతయ్య, అంటే అమ్మకు నాన్న, వయసు మీద పడి చేపల వేట మానేసిన మనిషి. పాత వలముక్క ఒకటి దాచుకున్నాడు. నడుం లోతు నీళ్లలో ఒక చివర తాను, రెండో చివర మా మావయ్య పట్టుకుని, జనం దిగబోయే మేరంతా మెల్లగా లాగి, ఒడ్డుకు తెచ్చి పరిచేవారు. నీళ్లు వేడెక్కే రోజుల్లో జెల్లీ చేపలు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. గాజులా ఉంటాయి, నీళ్లలో కంటికి ఆనవు. వాటికి వేలాడే దారాలు ఒంటికి చుట్టుకుంటే కొరడాతో కొట్టినట్టు వాతలు తేలతాయి. వలలో ఒక్కటి కనిపించినా తాతయ్య ఆ రోజుకి బాప్తిస్మం వద్దనేవాడు. దాన్ని తెడ్డుతో ఇసుకలో పాతి, పైన ఒక సరుగుడు పుల్ల గుచ్చేవాడు. అది చచ్చినా దాని విషం చావదని, పిల్లలు తొక్కుతారని ఆయన భయం.

నాకు తొమ్మిదో ఏడు వచ్చేసరికి తాతయ్య కళ్లకు పొర కమ్మింది. "ఒలే గుంటా, ఇకమీదట నువ్వు సూసి సెప్పు" అని వల చూసే పని నాకు అప్పగించాడు. నేను బడికి పోలేదు. అమ్మ బైబిలు ముందు పెట్టుకుని ఇంట్లోనే అక్షరాలు దిద్దించింది. అంత సన్నటి అక్షరాలు చదివే కళ్లని తాతయ్యకు నా మీద గురి.

ఆ ఏడు పక్కింటి అక్కకు బాప్తిస్మం అనుకున్నారు. రోజూ నాకు జడ వేసేది ఆమే. నర్సు ట్రైనింగుకి ఊరు విడిచి వెళ్లబోతోంది. మొదట అనుకున్న ఆదివారం వలలో రెండు జెల్లీ చేపలు పడ్డాయని నేనే చెప్పాను, ఆగిపోయింది. ఆ సాయంత్రం అక్క పెరట్లో కూర్చుని ఏడవడం చూశాను. ఆమె బస్సెక్కేలోగా మిగిలింది ఇంకొక్క ఆదివారమే.

ఆ రోజు రాజాం నుంచి పాస్టరు అయ్యగారు మళ్లీ వచ్చారు. అక్క తెల్లచీర కట్టుకుని నిలబడింది. వల పరిచారు. ఒక మూల, నా అరచేయంత, ఒకటి ఉంది. ఒక్కటే కదా అనుకున్నాను. అక్క నా ముఖంలోకే చూస్తోంది. పుల్లతో దాన్ని పక్కకు నెట్టేసి, "ఏటీ నేదు తాతా" అన్నాను.

"సరిగ్గా సూసినావా?"

"సూసినాను."

అక్క మునిగి లేచింది. ఒడ్డున మేం పాట ఎత్తుకున్నాం. ఆమె అరుపు మొదట ఆ పాటలోనే కలిసిపోయింది. మోసుకొచ్చి పడుకోబెట్టేసరికి మోచేతి నుంచి మెడ దాకా ఎర్రటి చారలు. ఆడవాళ్లు ఇసుకతో రుద్దబోయారు. ఒకామె తాగే నీళ్ల బిందె ఎత్తింది. "ఇసక రుద్దకండి. మంచినీళ్లు పొయ్యొద్దు, మంట ఎక్కువైపోతాది. సంద్రం నీళ్లే పొయ్యండి" అంటూ తాతయ్య చేతికి తువ్వాలు చుట్టుకుని, వెతుక్కుంటూ ఒక్కో దారం తీశాడు. ఊపిరి అందక అక్క పెదవులు నల్లబడ్డాయి. జీపులో శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్లారు. ప్రభువు దయ, ఆమె బతికింది.

ఆ సాయంత్రం నేను నెట్టేసినదాన్ని ఎవరూ చూడకముందే పాతేద్దామని ఒడ్డుకు వెళ్లాను. అప్పటికే అక్కడ చిన్న ఇసుక కుప్ప ఉంది. దాని మీద సరుగుడు పుల్ల. నా గొంతులో ఏం విన్నాడో మరి, తాతయ్య వచ్చి వెతికాడు. కళ్లు ఆనని మనిషి ఇసుకంతా చేత్తో తడిమి వెతికాడని, మర్నాడు ఆయన వేళ్ల మీద వాతలు చూశాకే నాకు అర్థమైంది.

సంఘ పెద్దలు అడిగితే, "నాకు కళ్లు పోనాయి బాబూ, తప్పు నాదే" అన్నాడు తప్ప నా ఊసెత్తలేదు. మళ్లీ ఆయన్ని ఎవరూ పిలవలేదు. బాప్తిస్మాలు వంశధార ఏటి ఒడ్డుకు మారాయి. వల మా చూరుకు వేలాడింది. రేవులో ఒకాయన, "ఏటి ముసిలోడా, ఈయేల ఎవుల్ని ముంచుతావు?" అని ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నేను పక్కనే నిలబడి చూశాను.

కొన్నాళ్లకు, నిజం చెప్పాలని వెళ్లి, ఆయన ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. "నాకు సెప్పకే. దయిర్యం వచ్చిన్నాడు ఆ పిల్లకి సెప్పు" అన్నాడు.

ఆ ధైర్యం తాతయ్య పోయిన రోజుకి గానీ రాలేదు. సమాధి దగ్గర అక్క చేయి పట్టుకుని చెప్పాను. ఆమె మెడ మీది చార తడుముకుంది. "ఆయనున్నప్పుడు సెప్పుంటే బాగుండునే" అంది. నా చేయి మాత్రం వదల్లేదు. అందుకు ఈనాటికీ ఆమె కోసం ప్రార్థన చేసుకుంటాను.

ఆ వల ఇప్పుడు నా దగ్గర ఉంది. చిరిగినచోటల్లా కుట్టుకున్నాను. మనవలు సముద్ర స్నానం అంటే ముందు వల లాగిస్తాను. కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసి, మనవరాలి చేత మళ్లీ చూపిస్తాను. ఒక్కటి కనిపించినా పుల్ల గుచ్చి అందరం ఇంటికి వచ్చేస్తాం. ఎందుకింత చాదస్తం అని పిల్లలు అడుగుతారు. అడిగిన ప్రతిసారీ అదే మాట చెబుతాను, తాతయ్య బతికుండగా చెప్పలేకపోయిన మాట.

"మా తాత కళ్లు ఆనక కాదర్రా. సూసింది నేను. నేదన్నది నేను."