పెద్దనాయిన గొంతు పోయిన రోజు

మా పెద్దనాయిన పోయాడు. కట్టంగూరు నుంచి మా తమ్ముడు సైకిలు తొక్కుకుంటూ వచ్చి ఆ కబురు చెప్పినప్పుడు నేను గొర్రెపిల్లకు పాలు పట్టిస్తున్నాను. "పొద్దుగాల పెద్దనాయిన పోయిండన్నా" అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. తనను అడగకుండా ఎవరినీ ఏ పనీ చేయనివ్వని మనిషి, ఇంత పని తానొక్కడే ఎలా కానిచ్చాడా అనిపించింది.

మీలో గొర్రెలు లేనివాళ్ల కోసం చెబుతాను. ఉన్ని తీయాలంటే గొర్రెను వాగులో కడిగి, ఆరగానే కత్తెర వేయాలి. ఆలస్యమైతే అది మట్టిలో పొర్లుతుంది, మళ్లీ కడగాలి. అన్నదమ్ముల బిడ్డలం నలుగురం కత్తిరించేవాళ్లం, మా మీద పెత్తనం పెద్దనాయినది. ఆయన వచ్చి చూసి "కానియ్" అననిదే ఏ గొర్రె మీదా కత్తెర పడకూడదు. సానరాయి ఆయన నడుముకు కట్టిన గుడ్డలోనే ఉండేది, అందరి కత్తెరలూ ఆయనే నూరాలి. ఆయన ఒకటి నూరుతుంటే మిగతావాళ్లం గొర్రెలను పట్టుకుని కూర్చునేవాళ్లం. మాకంటే ముందు గొర్రెలు విసుక్కునేవి. పొద్దుగూకేలోపు సగం మందను రెండుసార్లు కడిగేవాళ్లం. "మన చేతికొచ్చిన గొర్రెలంత సాఫ్‌గ ఇంకేడ ఉండయిరా" అని ఆయనే మురిసిపోయేవాడు.

అణాలు పోయి నయా పైసలు వచ్చిన ఏడు పానగల్‌లో పెద్ద మంద ఉన్న ఆసామి తేల్చి చెప్పాడు. "గీసారి రెండు పొద్దులల్ల కాకపోతే, వచ్చే యేడు వేరేటోళ్లను పిలుస్త." ఆ మంద పోతే మాకు ఏడాది గడవడం కష్టమే. మొదటిరోజు పెద్దనాయిన మమ్మల్ని తొందరపెడుతూ అరుస్తూనే ఉన్నాడు. పావు మంద కూడా కాలేదు గానీ, తెల్లారేసరికి ఆయన గొంతు పూర్తిగా పోయింది.

రెండోరోజు గొర్రెలు ఆరాయి. ఆయన చెయ్యెత్తాడు. ఆగమని మా అందరికీ తెలుసు. మా పెద్దన్న మాత్రం "అట్లనే పెద్దనాయినా" అని తలవంచుకుని కత్తెర వేశాడు. మేమూ వేశాం. ఆయన నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. కాసేపటికి మా తమ్ముడు వెళ్లి ఆయన నడుము గుడ్డలోంచి సానరాయి లాక్కొచ్చాడు. అంత ధైర్యం వాడికెలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. ఎవరి కత్తెర వాళ్లం నూరుకున్నాం. పొద్దు వాలకముందే మందంతా బోడిగా నిలబడింది, ఒక్క గొర్రెనూ రెండోసారి కడగలేదు.

ఆసామి సంతోషపడి వచ్చే ఏటికి కూడా మాకే చెప్పి, పెద్దనాయిన భుజం తట్టాడు. ఆయన తలెత్తలేదు. గొంతు వచ్చాక మమ్మల్ని పిలిచి అడిగాడు.

"ఇన్నేండ్లు నేనే మీకు అడ్డం కూసున్ననారా?"

నాకు చాలా జాలేసింది. "మాకు కత్తెర పట్టుడు నేర్పింది నువ్వే గదా" అన్నాను.

"గది నిజమే" అని వెంటనే ఒప్పుకున్నాడు.

మరుసటి ఏడు తలా ఒక సానరాయి తెచ్చిచ్చాడు. "కానియ్" అనడం మాత్రం మానలేదు. మేం కత్తెర వేశాక అనేవాడు. ఆయన చేతి కిందే పని నేర్చుకుని నేను పిల్లల్ని సాకాను, ఆ రుణం నాకు గుర్తుంది.

మొన్న పాడె నాలుగు కొమ్ములూ మేం నలుగురమే పట్టుకున్నాం. ఎవరమూ ఎత్తలేదు. డప్పులవాళ్లు వాయించడం ఆపి మావైపు చూశారు. మేం "కానియ్" కోసం ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడ్డాం.